ఖాళీ చెయ్యని డబ్బాలు

అది వరద వచ్చిన మూడో ఏడు. వాటిల్‌బ్రూక్ విమానాల షెడ్డులో బురదనీళ్ళు నడుమెత్తున నిలిచిపోయిన వరద అది. అక్కడ ఎవరిని ఏ సంగతి అడిగినా వరదకి ముందు, వరద తర్వాత అనే చెబుతారు. షెడ్డు గోడ మీద ఈ చివర్నించి ఆ చివరి దాకా గోధుమరంగు గీత ఇంకా ఉంది. గోడలన్నీ కడిగిన రామానుజం ఆ గీతని మాత్రం తుడవలేదు.

రామానుజానిది కాకినాడ. జగన్నాథపురం వంతెన దగ్గర వేటపడవల డీజిల్ ఇంజన్లు విప్పి బిగిస్తూ నలభై ఏళ్ళు గడిపాడు. చదువు మూడో తరగతితో సరి. పేరు రాయగలడు, అంకెలు పోల్చగలడు, అంతే. మాటలు కూడా అంతంత మాత్రమే. భార్య పోయాక కూతురు శ్రీదివ్య బ్రిస్బేన్ శివార్లలో స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉన్న తన ఇంటికి తెచ్చుకుంది. ఆ ఇంట్లో సోఫాలో కూచుని కూచుని మనిషి తుప్పు పట్టిపోతున్నాడని, చిన్న విమానాల మైదానంలో పని చూసిపెట్టింది. నిజానికి ఆ పని ఇప్పించింది డాక్టరు హేమచంద్ర.

హేమచంద్రదీ కాకినాడే. గుండె డాక్టరు. పాతికేళ్ళుగా బ్రిస్బేన్‌లో ఉంటున్నాడు. తెలుగు సంఘంలో ఏ వేదిక మీద చూసినా మొదటి వరస కుర్చీ ఆయనదే. రెండు ఇంజన్లు, ఆరు సీట్లు ఉన్న తెల్ల విమానం కొనుక్కుని తనే నడుపుతాడు. లోపల మీగడరంగు తోలు సీట్లు. వాటి మీద ఎవరైనా నీళ్ళ సీసా పెట్టినా ఒప్పుకోడు.

విమానాలు కడగడం, చక్రాలకి గాలి చూడటం, షెడ్డులోంచి బయటికి లాగడం రామానుజం పని. మైదానం మేనేజరు డోనా ఆయన మెడలో పసుపు కార్డు వేసింది. దాని మీద ఆయన ఫొటో ఉంది. అది చూపిస్తే ఇనప కంచె గేటు తెరుచుకుంటుంది. అది లేనివాడు కంచె బయటే. ఇంటికొచ్చాక కూడా ఆయన దాన్ని తియ్యకుండా భోజనానికి కూచునేవాడు. శ్రీదివ్య నవ్వేది. నవ్వితే నవ్విందని ఊరుకునేవాడు.

వరద వచ్చిన రోజు పొద్దున్న మైదానానికి చేరగలిగింది ముగ్గురే. రామానుజం ముందు డాక్టరు విమానాన్నే పట్టుకున్నాడు. ముక్కు చక్రానికి ఇనప కడ్డీ తగిలించి, మోకాలి లోతు నీళ్ళలో ఒక్కడే లాక్కుంటూ క్లబ్బు దగ్గరి మెట్టకి చేర్చాడు. అది చేర్చి వెనక్కి వచ్చేసరికి షెడ్డు మూలనున్న తన రేకు పెట్టె లేదు. కాకినాడ నుంచి తెచ్చుకున్న పానాలు, సుత్తులు, గురువు చేతి మీదుగా వచ్చిన, ఇంజన్ వాల్వులు ఊడదీసే పుల్లర్ అందులోనే ఉన్నాయి. నీళ్ళు తీశాక వారం రోజులు బురదలో వెతికాడు. ఒక్క పానా దొరికింది.

డాక్టరు వచ్చి ఆయన్ని పదిమంది ముందు కావలించుకున్నాడు. నీ మేలు మర్చిపోతే మనిషినే కాదు బాబాయ్ అన్నాడు. రామానుజం ఆ మాట దాచుకున్నాడు.

మరుసటేడు డాక్టరు మొదటిసారి సముద్రం దాటి, వేరే దేశపు దీవిలో ఉన్న నూమియా వెళ్ళడానికి బయల్దేరాడు. ఆయన భార్య కాత్యాయని విమానానికి పూజ చెయ్యనిదే కదలనివ్వనంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, ముక్కుకి పసుపు రాశారు. దిష్టికి నిమ్మకాయా మిరపకాయల దండ, నాలుగు మావిడాకులు తెచ్చింది ఆవిడ. బయట కడితే గాలికి నిలవదు. సీటు వెనక సంచీలో పైకి కనపడకుండా కట్టమని డాక్టరే చెప్పాడు. రామానుజం కట్టాడు.

తిరిగొచ్చాక తనిఖీకి వచ్చిన అధికారి చేతికి ఆ దండ తగిలింది. ఎండిపోయిన నిమ్మకాయ, ముడుచుకుపోయిన ఆకులు. మొక్కలకి సంబంధించినదేదీ లేదని డాక్టరు కాయితం మీద టిక్కు పెట్టి ఉన్నాడు. ఈ దేశంలో ఒక్క ఆకు విషయంలో అబద్ధం రాసినా పెద్ద తప్పు. డాక్టరు రెండో ఆలోచన లేకుండా, మా పనివాడు, చదువురాని ముసలాయన, నాకు చెప్పకుండా పెట్టాడు అన్నాడు.

ఆ మర్నాడు ఒక కాయితం తెచ్చి ఇన్సూరెన్సుకి బాబాయ్, ఇక్కడ సంతకం అన్నాడు. మన ఊరి డాక్టరుగారు చూపించిన చోట సంతకం పెట్టక, చదివి వినిపించమని అడుగుతారా ఎవరైనా? రామానుజం తెలుగులో తన పేరు పొందిగ్గా రాశాడు. రెండ్రోజుల తర్వాత డోనా ఆ కాయితం ముందు పెట్టుకుని, పాపం ముఖం చిన్నబుచ్చుకునే, ఆయన మెడలోంచి కార్డు తీసేసుకుంది. తాడు మాత్రం ఆయన చేతిలో మిగిలింది. ఆ కాయితంలో ఏముందో సాయంత్రం శ్రీదివ్య చదివితే తెలిసింది. యజమానికి తెలియకుండా, ఆయన వద్దన్నా వినకుండా, విమానంలో నేనే పెట్టానని ఉంది.

రామానుజం వెళ్ళి ఒక్కసారి అడిగాడు. డాక్టరు అప్పుడు కాఫీ తాగుతున్నాడు. కప్పు దించకుండానే జవాబు చెప్పాడు.

"నీకేం పోయింది బాబాయ్? ఓ ప్లాస్టిక్ ముక్క. నాకైతే లైసెన్సు పోయేది."

రామానుజం తలూపి వచ్చేశాడు. ఆ ఊపిన తలని తలుచుకుని తర్వాత ఎన్ని పూటలు పళ్ళు నూరుకున్నాడో ఆయనకే తెలుసు.

డోనా ఆయన్ని పూర్తిగా వదిలేయలేదు. కంచె బయట గడ్డి కొయ్యడం, క్లబ్బు బెంచీలు తుడవడం ఇచ్చింది. చేతికందేంత దూరంలో విమానాలు, మధ్యలో తీగ. కడగడం రాని కుర్రకారు రెక్కల మీద సబ్బుమరకలు వదిలేస్తుంటే బయట నిలబడి చూసేవాడు.

డాక్టరుకి మటుకు ఏమీ జరగనట్టే ఉండేది. ఏడాదిలో రెండు మూడుసార్లు నూమియా వెళ్ళేవాడు. శని, ఆదివారాలు చేపలు పట్టుకుని, ఆ చేపలు అక్కడే తిని రావడం. క్లబ్బులో మాంసం కాల్చుకునే బార్బీ పొయ్యి దగ్గర ప్రతిసారీ ఒకటే ఏడుపు. కారంత విమానానికి జంబోజెట్టుకున్నన్ని రూల్సట. లోపల ఎవరున్నారు, ఏమున్నాయి, ఎన్ని గంటలకి దిగుతాం, అంతా ముందుగా రాసి పంపాలట. పెద్ద విమానాశ్రయంలో కాకుండా ఇక్కడే దిగుతానంటే విడిగా అనుమతట. ఆదివారం పూట ఆఫీసర్లు సిటీ నుంచి ఇంత దూరం రావాలి కదా, వాళ్ళు కారెక్కిన దగ్గర్నుంచి దిగిన దాకా గంటగంటకీ ఆయనే కట్టాలట. విన్నవాళ్ళు అయ్యో అనేవాళ్ళు. వాళ్ళలో సగంమంది ఆయన పేషెంట్లే.

ఆ రూల్సులో ఒకటి పురుగుమందు డబ్బాలది. బయటి దేశం నుంచి దోమా పురుగూ ఎక్కి రాకుండా, దిగబోయే ముందు విమానం లోపల రెండు డబ్బాల మందూ కొట్టెయ్యాలి. దిగాక ఆ ఖాళీ డబ్బాలు అధికారికి చూపించాలి. డబ్బా అడుగున ఉన్న నంబరు కూడా కాయితం మీద రాయాలి. డాక్టరుకి ఆ వాసన పడదు. పైగా మందు తుంపర పడితే తోలు సీట్లు మచ్చలు కడతాయని ఆయన భయం.

అందుకని ఆయన ఒక ఉపాయం పెట్టుకున్నాడు. సముద్రం మీద ఎగరడానికి కావలసిన సామానంతా ఒక నీలం పెట్టెలో ఉంటుంది. ఈత జాకెట్లు, టార్చిలు, మంచినీళ్ళు, ఈ డబ్బాలు. ప్రయాణానికి ముందు ఆ పెట్టెని కంచె గేటు దగ్గర దించి పోయేవాడు. దాన్ని తుడిచి సర్దడం రామానుజం వంతు. డబ్బాల్లో మందంతా బయట గాలిలోకే కొట్టేసి, ఖాళీవి లోపల పెట్టాలి. డాక్టరు దిగాక వాటిని చూపించి, కొట్టేశామండీ అంటాడు. అడుగు నంబర్లు డబ్బాలు కొన్నప్పుడే రాసి పెట్టుకుంటాడు. నంబర్లు కొత్తవే, డబ్బాలు ఖాళీవే. ఎవరికి అనుమానం?

రామానుజానికి చదువు రాదు కాబట్టి డాక్టరు ఆ సంగతి రాసి పంపేవాడు కాదు, ఫోన్లోకి మాట్లాడి పంపేవాడు. తెలుగు మాటలే కదా, ఎవరికి అర్థమవుతాయనే ధైర్యం కూడా ఒకటి. అలా నాలుగు ప్రయాణాలకి నాలుగు మాటలు రామానుజం ఫోన్లో ఉన్నాయి. ఆయన ఏదీ పారేసే మనిషి కాదు.

నాలుగుసార్లూ చెప్పినట్టే చేశాడు. గేటు పక్కన నిలబడి, గాలివాటం చూసుకుని, డబ్బా ఖాళీ అయ్యేదాకా నొక్కేవాడు. ఈ మనిషికి ఇంకా ఊడిగం చెయ్యడమేమిటి నాన్నా అని శ్రీదివ్య కోప్పడింది. పడవ ఇంజన్ పాడైనప్పుడు ఏ బోల్టు ఎక్కడ వదులుగా ఉందో దొరికేదాకా ఆయన ఇంజన్ పక్కన అలాగే కూచునేవాడు. ఇప్పుడూ అలాగే కూచున్నాడు.

ఐదో ప్రయాణం ఆగస్టులో వచ్చింది. శుక్రవారం సాయంత్రం పెట్టె గేటు దగ్గర ఉంది. ఫోన్లో డాక్టరు గొంతు పలికింది. "బాబాయ్, రేపు తెల్లారే ఎల్తన్నాం. డబ్బాలు రెండూ కొత్తయ్యి. బయట కొట్టేసి ఖాళీవి పెట్టెయ్. పోయినసారి ఒకదాంట్లో కొంచెం మిగిల్చేశావ్, చూసుకో."

రామానుజం జాకెట్లు తుడిచాడు. టార్చిలు వెలిగించి చూశాడు. నీళ్ళ సీసాలు మార్చాడు. ఆఖరికి డబ్బాలు చేతిలోకి తీసుకున్నాడు. చల్లగా, బరువుగా ఉన్నాయి. మూత కింద ఎర్ర ప్లాస్టిక్ నాలుక ఉంది, దాన్ని విరిస్తేగాని మందు రాదు. చాలాసేపు వాటిని అలా పట్టుకునే నిలబడ్డాడు.

తర్వాత వాటిని ఉన్నవి ఉన్నట్టే పెట్టెలో పెట్టి మూత వేశాడు.

ఆయన చేసింది అంతే. ఏదీ మార్చలేదు, దాచలేదు, విరగ్గొట్టలేదు. నిండు డబ్బాలు నిండుగా ఉండవలసిన చోటే ఉన్నాయి. ఆ మనిషి దిగే ముందు ఒక్కసారి పెట్టె తెరిచి, రూలు ప్రకారం నొక్కితే చాలు, ఏ గొడవా లేదు. నొక్కడని రామానుజానికి తెలుసు. ఆ రాత్రి మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి నీలం చొక్కాల అధికారులు ఇద్దరు వచ్చి, కంచెకి అవతల, పసుపు గీత గీసిన చోట బల్ల వేసుకున్నారు. నాలుగు దాటాక తెల్ల విమానం దిగింది. రామానుజం కంచె ఇవతల బెంచీ తుడుస్తున్నాడు. అప్పటికే తుడిచిన బెంచీనే మళ్ళీ తుడుస్తున్నాడు.

డాక్టరు దిగాడు, వెనక ఇద్దరు స్నేహితులు. ముఖాలు ఎండకి ఎర్రబడ్డాయి. పాస్‌పోర్టులు చూశారు, సంచులు విప్పారు. అధికారిణి నీలం పెట్టె తెప్పించి బల్ల మీద పెట్టింది. మందు కొట్టారా అని అడిగింది. రెండూ కొట్టాం, దిగే ముందు అన్నాడు డాక్టరు. అప్పుడు ఆయన చేతిగడియారం చూసుకుంటున్నాడు. కాయితం మీద సంతకం కూడా అయిపోయింది.

ఆవిడ ఒక డబ్బా తీసి, అడుగున నంబరు చూడబోయి ఆగింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. రెండోది తీసి అదీ ఊపింది. తర్వాత మూత తీసి ఎర్ర నాలుకని గోటితో తడిమి, తోటి అధికారికి చూపించింది. ఆవిడ మళ్ళీ అదే ప్రశ్న అడిగింది, ఈసారి నెమ్మదిగా.

డాక్టరు గడియారం మీంచి తలెత్తాడు. డబ్బాల వంక చూశాడు. అక్కణ్ణించి ఆయన చూపు కంచె మీదికి వచ్చింది. రామానుజం చేతిలో గుడ్డ ఆగింది. చూపు తిప్పుకోలేదు.

అధికారులు విమానం తలుపు మూయించి ఎవరూ దగ్గరికి పోకూడదన్నారు. ఫోన్లు మొదలయ్యాయి. లోపలంతా మందు కొట్టించాలి, పాత ప్రయాణాల కాయితాలు కూడా బయటికి తియ్యాలి అనే మాటలు రామానుజానికి అర్థమైన మేరకు అర్థమయ్యాయి. డాక్టరు పసుపు గీత అంచు దాకా వచ్చి నిలబడ్డాడు. దాటనివ్వరు. అక్కడికీ కంచెకీ మధ్య నాలుగడుగులు.

"బాబాయ్, ఏంటిది? ఖాళీ చెయ్యమన్నాను కదా."

రామానుజం చేతిలో గుడ్డని మడత పెట్టాడు.

"సరే, పొరపాటున ఇవి పెట్టానని చెప్పు వాళ్ళకి. పెద్దాడివి, నిన్నేవీ అనరు."

"వేటికి బదులు ఇవి పెట్టానని చెప్పమంటారు?"

డాక్టరు వెనక బల్ల వైపు ఒకసారి చూసుకున్నాడు.

"చెప్పండి డాక్టరుగారూ," అన్నాడు రామానుజం. "నాకు ఇంగ్లీషు రాదు, మీరే చెప్పండి. ముందే ఖాళీ చేసి పెట్టే డబ్బాలు వేరే ఉంటాయని చెప్పండి. ఆవిడకి వినపడేలా చెప్పండి."

అధికారిణి తలెత్తి వీళ్ళ వంక చూసింది. డాక్టరు వెనక్కి తిరిగి నడిచాడు. చక్కటి తెల్ల చొక్కా వీపు మీద తడిసి అంటుకుపోయింది. రామానుజం ఆ వీపుని బల్ల దాకా సాగనంపాడు, చూపుతోనే. రెండేళ్ళుగా ఆయన ఒంట్లో ఎక్కడో బిగిసి ఉన్న నట్టు ఒక చుట్టు వదులైంది. ఒక్క చుట్టే.

దీపాలు పెట్టే వేళకి డాక్టరు వాళ్ళింటికే వచ్చాడు. చేతిలో కాయితం. శ్రీదివ్య కాఫీ ఇస్తే పక్కన పెట్టాడు. మాట మెత్తగా ఉంది. బాబాయ్‌కి వయసైపోయింది, పాత డబ్బాలకీ కొత్త డబ్బాలకీ తేడా తెలియక కలిపేశాడు, వాడాల్సినవేవో డాక్టరుగారికి తప్పు చెప్పాడు అని అందులో రాసుకొచ్చాడు. ఈసారి తనే చదివి వినిపించాడు. సంతకం పెడితే పాత సంగతి కూడా తనే సరిచేస్తాడు. మైదానం కమిటీలో తన మాట పోదు. నెల తిరక్కుండా పసుపు కార్డు మెడలో ఉంటుంది.

కార్డు అనే మాటకి రామానుజం చెయ్యి తెలియకుండానే ఛాతీ మీదికి పోయింది. అక్కడ చొక్కా గుండీ తప్ప ఏమీ లేదు. శ్రీదివ్య తండ్రి వంక చూసింది. ఆ కార్డు పోయాక ఆయన ఎలా అయిపోయాడో ఆమెకంటే ఎవరికి తెలుసు?

"విమానం పదిరోజులు కట్టేస్తారు," అన్నాడు డాక్టరు. "ఫైనూ, వాళ్ళ ఛార్జీలూ, సీట్లూ... అవి పోనీ. పాతవి తవ్వితే నా లైసెన్సు పోద్ది బాబాయ్. ఆస్పత్రి దాకా పోద్ది."

రామానుజం కాఫీ కప్పు ఆయన ముందుకి జరిపాడు.

"మీకేం పోయింది డాక్టరుగారూ? ఓ ప్లాస్టిక్ ముక్క."

డాక్టరుకి ఆ మాట ఎక్కడిదో గుర్తు రాలేదు. అది ఆయన ముఖంలోనే కనపడింది. తను రెండేళ్ళు మోసిన మాట అన్నవాడికి గుర్తు కూడా లేదు. ఆ క్షణాన రామానుజానికి మిగిలిన కాస్త తటపటాయింపూ పోయింది. కాయితం ఇక్కడ పెట్టి వెళ్ళండి, పొద్దున్న చూస్తానన్నాడు.

ఆయన వెళ్ళాక శ్రీదివ్య, నాలుగు రోజులాగి ఆలోచిద్దాం నాన్నా, పెద్దవాళ్ళతో పెట్టుకుంటే మనకి ఇక్కడ ఎవరు మిగుల్తారు అంది. కార్డు వస్తుంది కదా అని కూడా అంది. వస్తుంది అన్నాడు రామానుజం. వెళ్ళి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే లేచి స్నానం చేశాడు. ఫోన్ తీసి, శుక్రవారం నాటి మాట మళ్ళీ విందామని నొక్కాడు. అది పలకలేదు. గొంతు బొమ్మ ఉండాల్సిన చోట ఏవో అక్షరాలున్నాయి. శ్రీదివ్యకి చూపించాడు. ఆమె చదివింది. రాత్రి ఆయన దాన్ని చెరిపేశాడు నాన్నా, ఇటు కాయితం పెట్టి అటు చెరిపేశాడు అంది. మరి పాతవి అన్నాడు. ఆమె పైకి జరిపి నొక్కింది. ఒకటి తర్వాత ఒకటి నాలుగూ పలికాయి. పాతబడ్డవి ఇంక ఆయన చెరపలేడని చెప్పింది. తను పనిచేసే బ్యాంకుకి ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసి, కారు తాళాలు తీసుకుంది.

డోనా అప్పుడే ఆఫీసు తెరుస్తోంది. రామానుజం సంతకం లేని కాయితాన్ని బల్ల మీద పరిచి, దాని మీద ఫోన్ పెట్టి నొక్కాడు. గదంతా డాక్టరు గొంతు నిండింది. ఒక్కో మాటా ఆగినచోట శ్రీదివ్య ఇంగ్లీషులో చెప్పింది. బయట కొట్టేసి ఖాళీవి పెట్టెయ్ అన్నచోట డోనా పెన్ను కింద పెట్టింది. ఇది అధికారులకి పంపాల్సిందే అంది. అలా ఖాళీ చేసింది ఈయనే కాబట్టి ఈయన మీదికీ వస్తుంది, ఇంక ఈ జన్మలో కార్డు ఇవ్వడం నా చేతిలో ఉండదు, అది తెలిసే వచ్చారా అని అడిగింది. శ్రీదివ్య ఆ మాట తెలుగులో చెప్పబోయింది. అక్కర్లేదు, అర్థమైందన్నాడు రామానుజం. జేబులోంచి కార్డు లేని తాడు తీసి, చుట్ట చుట్టి, ఫోన్ పక్కన పెట్టాడు.

తర్వాత బయటికి వచ్చాడు. గడ్డి కోసే మిషన్ వద్దని ఇంకా ఎవరూ చెప్పలేదు. దాన్ని కంచె వారకి తోసుకుపోయాడు. తీగ అవతల తెల్ల విమానం చుట్టూ పసుపు టేపు కట్టి ఉంది. తెరిచిన తలుపులోంచి పురుగుమందు వాసన ఇక్కడి దాకా వస్తోంది. ముసుగు కట్టుకున్న మనిషొకడు లోపల మీగడరంగు సీట్ల మీద వంగి, తీరిగ్గా కొట్టుకుంటూ పోతున్నాడు.

రామానుజం మిషన్ తాడు లాగాడు. ఆ వార గడ్డి కోసి, వెనక్కి తిరిగి, కోసినచోటే మళ్ళీ కోశాడు.